ఒక్క బ్యానరు చాలన్న మనిషి

"ఒక్కరి పేరు చెప్పు చాలు. మనల్ని చూసి ఫ్లెక్సీ మానుకున్నోడు ఒక్కడన్నా ఉండాడా?" అంది సుచిత్ర.

అశోక్ ఎదురుగోడ వైపు చూశాడు. ‘ప్లాస్టిక్ మీద అక్షరం పెట్టం.’ పెనుకొండలో ‘గుడ్డగీత’ డిజైన్ స్టూడియో తెరిచిన రోజున తన చేత్తో తానే రాసుకున్న మాట. ఫ్లెక్సీ జోలికి పోరు. నూలుగుడ్డ మీద కుంచెతో రాసిన బ్యానర్లే ఇస్తారు. పుట్టినరోజుకీ, దినాలకీ, ఆఖరికి బర్రె ఈనినా ఫ్లెక్సీ కట్టే ఊళ్లలో ఇలాంటి నియమం పెట్టుకుని బతకడమంటే మాటలు కాదు.

ఏడాది చివర కూర్చుని, చేసిన పనులన్నీ ఒకసారి తిరగేసుకోవడం ఆ స్టూడియో ఆనవాయితీ. స్టూడియో అంటే మరెవరో కాదు, అక్కాతమ్ముళ్లిద్దరే. ఈసారి తిరగేస్తే చేసిన పనులకన్నా వదులుకున్నవే ఎక్కువ కనిపించాయి. ధర్మవరం పట్టుచీరల అంగడివాళ్లు ఊరంతా ఫ్లెక్సీలు కట్టాలని వస్తే, అశోక్ వాళ్లకు నేల గురించీ నీళ్ల గురించీ క్లాసు పీకాడు. వాళ్లు కాఫీ కూడా తాగకుండా లేచిపోయారు. మళ్లీ ఈ ఛాయలకు రాలేదు.

"బెంగుళూరు ఉద్యోగం వదులుకోని నీ ఎంట వస్తిని," అంది సుచిత్ర. "మనం మానుకున్నాం, మంచిదే. మనవల్ల ఇంకొకరు మానకపోతే ఈ తపసంతా ఎవురికోసరం? ఒక్కరు కూడా లేకపోతే ఉగాది నుంచి మనమూ ఫ్లెక్సీ డిజైన్లే చేస్తాం. ఆ గోడకు సున్నం మాత్రం నువ్వే కొట్టాల."

అశోక్‌కి ఆ గోడకు సున్నం కొట్టడమంటే తన ముఖానికి కొట్టుకున్నట్టే అనిపించింది. ఏడాదిలో వచ్చినవాళ్ల ముఖాలన్నీ తలుచుకున్నాడు. ఒక్కరూ తేలలేదు. చివరికి ముఖం తెలియని మనిషి గుర్తొచ్చాడు.

"పుల్లన్న! హిందూపురం షామియానాల పుల్లన్న!"

సుచిత్ర కాదనలేకపోయింది. పుల్లన్న పెళ్లిళ్లకూ సభలకూ షామియానాలు, కుర్చీలు అద్దెకిస్తాడు. ఏనాడూ స్టూడియో గడప తొక్కలేదు. ఏం రాయాలో ఫోనులో చెబుతాడు, బస్సులో వేసి పంపితే అందుకుంటాడు. ఏడాది పొడుగునా వాళ్లను వదలని ఒకే ఒక్క ఖాతాదారు.

"ఎంత పెద్ద సభైనా ఒక్క బ్యానరు చాలంటాడక్కా! తక్కినోళ్లు కరెంటు స్తంభానికొకటి కడతాండారు. ఈయప్ప రెండోది అడిగిందే లేదు. నిగ్రహమంటే అదీ!"

"అవున్రా," సుచిత్ర గొంతు మెత్తబడింది. "ఎప్పుడూ కుడిపక్క సగం ఖాళీగా వదలమంటాడు. ఫ్లెక్సీ అంటే తలకాయలతో కిక్కిరిసి ఉంటాది కదా. ఖాళీ జాగా అందం ఈయప్పకు ఎవురు నేర్పినారో!"

"ఇంకెవురు, మనమే!"

ఇక ఆగలేదు. శాలువా కొని, ఇద్దరూ హిందూపురం బస్సెక్కారు. దారి పొడుగునా ఫ్లెక్సీలే. అవి కంటబడితే ముఖం తిప్పుకోవడం ఇద్దరికీ ఎప్పుడో అలవాటైపోయింది. అశోక్ ఒళ్లోని శాలువాను చూసుకుంటూ, సన్మానం చేసేటప్పుడు ఏం మాట్లాడాలో పెదాల మీదే వల్లె వేసుకున్నాడు.

పుల్లన్న అంగడి ముందు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పేరు చెప్పగానే ఆయన పరుగున వచ్చి అశోక్ కుడిచెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

"ఈ చెయ్యేనాప్పా! ఇన్నాళ్లూ గొంతు వినడమే గానీ మనిషిని చూసింది లేదు."

అశోక్ ఆయనకు శాలువా కప్పాడు. వల్లె వేసిన మాటలన్నీ మరిచిపోయాడు.

"పుల్లన్నా, పనైపోయినాక మా గుడ్డ బ్యానర్లు ఏం చేస్తాండావు?" అని మాత్రం అడగగలిగాడు.

"పారేస్తానా? అన్నీ మడిచి బీరువాలో పెట్టినా. ఒక్కదానికీ ఎండ తగలనీలేదు, వాన తగలనీలేదు."

అశోక్ గర్వంగా అక్క వైపు చూశాడు. సుచిత్ర కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నేనే తొందరపడి అంటిరా. ఆ గోడను ఎవురూ ముట్టుకోవద్దు," అంది మెల్లగా.

"మీ అక్షరం నా చేతికొచ్చినాక నా బతుకే మారిపోయిందమ్మా," పుల్లన్న ఆమె వైపు తిరిగాడు. "మడకశిర నుంచి కూడా జనం నాకాడికే వస్తాండారు. అదే రాత కావాలంటారు, ఇంకోటి చూపిస్తే ముఖం చిట్లిస్తాండారు. ఇంక షామియానాలు ఆపేసి పూర్తిగా దీంట్లోనే దిగేసినా."

అశోక్‌కి గుండె నిండిపోయింది. వదులుకున్న పనులన్నీ, పడ్డ మాటలన్నీ ఈ ఒక్క మనిషి కోసమే అయినా ఫరవాలేదనిపించింది.

"అంటే... ఇంక మా దారేనా అన్నా?"

"మీ దారి లేకుంటే నాకు దారేదప్పా? భలే టయానికి వస్తిరి. వెనకాలికి రాండి, మీ చేత్తో ఒక టెంకాయ కొట్టిపోవాల."

ఇద్దరినీ వెంటబెట్టుకుని వెళ్లి, పుల్లన్న వెనకగది షట్టరు పైకెత్తాడు.

లోపల కొత్త ఫ్లెక్సీ మిషన్లోంచి, కుడిపక్క సగం నిండా తలకాయలతో, అశోక్ చేతిరాత మూరలు మూరలుగా బయటికొస్తోంది.