పులుపు ఎటు పోయింది?

"సీసాలకి కూడా చొక్కాలకి కట్టినట్టు పేరు చీటీలు కట్టారేంటమ్మా? మా ల్యాబులో ఒకటే నవ్వులు!" అంది డాక్టరమ్మ.

టైలరు భార్య మురిసిపోయింది. "మా షాపు అలవాటండీ. నేను చీటీ కట్టానంటే ఒకరి బట్ట ఇంకొకరికి పోదు."

మెట్లెక్కి వచ్చిన ఆయాసం ఆమెకింకా తీరలేదు. మోకాళ్లు నొక్కుకుంటూ కూర్చుంది. ఈమధ్య ఒకటే నీరసంగా ఉంటోందని, భర్తతో పాటు తనూ మూత్రపరీక్షకు సీసా ఇచ్చింది.

టైలరుకు కిడ్నీలో రాళ్లు. మాంసం ఎక్కువైతే మూత్రంలో ఆమ్లం పెరిగి అతనికి రాళ్లు కడుతున్నాయని, అది మానేసి కూరలూ పళ్లూ తినమని డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజు నుంచి భార్య ఇంట్లో మాంసం వండలేదు, తనూ ముట్టలేదు. అతను మాత్రం షాపు పక్కనున్న కాల్చిన మాంసం కొట్టు దగ్గర రోజూ ఓడిపోతూనే ఉన్నాడు. కుక్క తోక వంకరని తనను తానే తిట్టుకుని, మూతి తుడుచుకుని ఇంటికి చేరేవాడు.

"ముందు మీది," అంది డాక్టరమ్మ ఆమెతో. "ఆమ్లం కాస్త ఎక్కువ. కంగారేం లేదు, నీళ్లు బాగా తాగండి. బలానికి మాత్రలు రాస్తాను."

"నాకేమవుతుందండీ! ఆయన సంగతి చెప్పండి. పాపం, ముక్క ముట్టలేదు."

టైలరు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

రెండో కాగితం చూసి డాక్టరమ్మ కళ్లజోడు సవరించుకుంది. "ఆమ్లం తగ్గింది. మరీ తగ్గింది."

"తగ్గితే మంచిదేగా?"

"పొద్దున్నే పట్టిన మూత్రం ఎంతో కొంత పుల్లగా ఉండాలమ్మా. ఒంట్లో పుట్టిన ఆమ్లాన్ని కిడ్నీ బయటికి తోసెయ్యాలి. తొయ్యమని చెప్పడానికి హార్మోన్లున్నాయి. ఆ మాట అందడం లేదో, అందినా కిడ్నీ వల్ల కావడం లేదో! బయటికి రాని పులుపు రక్తంలోనే ఉండిపోతుంది. మెల్లగా ఎముకల్ని తినేస్తుంది."

"నేనే కూరలు ఎక్కువ పెట్టేశానా?" ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"కూరలతో కొంత తగ్గుతుంది. ఇంత కాదు."

అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తన కోసం నోరు కట్టుకున్న మనిషి, ఇప్పుడు తప్పు కూడా తన మీదే వేసుకుంటోంది.

"డాక్టరుగారూ, నేను మాంసం తింటున్నాను," అన్నాడు నేల చూపులు చూస్తూ. "రోజూ. నిన్న కూడా."

భార్య అతని వంక చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

డాక్టరమ్మ మొహం ఇంకా బిగుసుకుంది. "మాంసం తిన్నా ఆమ్లం బయటికి రాలేదా? అయితే ఇది ఇంకా ప్రమాదం. ఇప్పుడే రక్తం తియ్యాలి. ఎముకల నొప్పులున్నాయా? ఊరికే అలసిపోతున్నారా?"

అతను తలెత్తి భార్య వంక చూశాడు.

"తింటే తిన్నారు లెండి," అంది భార్య, తనకు రాసిన మందుల కాగితాన్ని పక్కకు నెట్టేస్తూ. "నా మాత్రలకేం తొందర? ముందు ఈయన్ని చూడండి."

అతన్ని లేపడానికి లేవబోయి, మోకాళ్లు పట్టుకుని మళ్లీ కూలబడింది. అతను సిగ్గుతో చితికిపోతూ ఆ మోకాళ్ల వంకే చూస్తున్నాడు.

పొద్దున సీసాల చీటీలు మార్చింది అతనే.