తడిగోనె బహుమతి

"ఇది బడా, కోతుల మందా? ఈ పిల్లల్ని చెడగొడుతున్నది నువ్వే."

ఇన్‌స్పెక్టరు మాట వింటూనే విశ్వాసమ్మ పిల్లల వైపు తిరిగింది. బేతంచెర్ల గనికూలీల పిల్లలు ముప్పై ఇద్దరికి ఆమె ఒక్కతే పంతులమ్మ.

"రెండు రెళ్లు?" అంది.

"నాలుగు." అందరూ కుడికాలి మీద గెంతారు.

"రెండు మూళ్లు?"

"ఆరు." కాలు మార్చారు.

ఎక్కం తప్పు లేకుండా చెప్పినవాళ్లకు బహుమతి ఉంది. మూలనున్న తడిగోనె మీద నిలబడొచ్చు. దానికోసం పోటీపడి పిల్లలు మూడు వారాల్లో అయిదు ఎక్కాలు నేర్చారు. ఆ సంగతి రాయడానికి ఇన్‌స్పెక్టరు పుస్తకంలో చోటు లేదు.

ఆయన గోడవార కుర్చీ వేయించుకుని బూటుకాళ్లు చాపాడు. నెత్తిమీద టోపీ తీయలేదు. పక్కన గని కాంట్రాక్టరు గోపన్న. బడి కమిటీకి పెద్ద కూడా అతనే.

"చూడు సార్, నున్నటి నాపబండలు నేనే పరిపించినా. నేల అద్దం మాదిరి ఉండాది. కూచోబెట్టి సదువు చెప్పమ్మా అంటే ఈయమ్మ గంతులేయిస్తాండాది. ఆ గంతులేవో నా గనిలో ఏస్తే రెండు తట్టల రాయన్నా మోస్తారు."

"కర్నూలు రాజధాని అయి రెండేళ్లయింది. ఇంకా ఈ మొరటుతనమేనా?" ఇన్‌స్పెక్టరు సోమక్కను పిలిచాడు. ఆరేళ్ల పిల్ల. "ఇక్కడ మఠం వేసుకుని కూర్చో."

సోమక్క కూర్చుంది. వెంటనే లేచింది. భుజం నొక్కి మళ్లీ కూర్చోబెట్టాడు. మళ్లీ లేచింది.

"ఒళ్లంతా పొగరు," అన్నాడు.

"పొద్దు నెత్తికెక్కింది సార్. ఇంట్లో కోడికూర సల్లారిపోతాండాది. రాసేస్తే పోదాం," అన్నాడు గోపన్న.

ఇన్‌స్పెక్టరు కలం తీశాడు. పిల్లలకు క్రమశిక్షణ లేదు. పంతులమ్మకు చేతకాదు. బడి మూసేయవచ్చు. ఇక సంతకమే మిగిలింది. అది పడిందా, రేపు పొద్దున ఈ ముప్పై ఇద్దరూ గోపన్న గనిలో ఉంటారు.

విశ్వాసమ్మ వచ్చి పుస్తకం మీద చెయ్యి పెట్టింది.

"తియ్యమ్మా చెయ్యి," అన్నాడు గోపన్న.

తీయలేదు.

"సంతకం తర్వాత. ముందు ఆ బూట్లిప్పి, ఈ మిట్టమధ్యాన్నం, కప్పెయ్యని ఈ బడిలో, కాలిపోతాండే ఈ బండల మీద, రెండో ఎక్కం అయిపోయేదంక మఠమేసుకోని కూచో సార్."