పెళ్ళినాటి డబ్బా

“ఆ ఉత్తరం ఇంకోసారి చదువు,” అంది నోలా, పొట్టేళ్ళ వంశావళి పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

డునీడిన్ పట్నం నుంచి డాక్టరు ఫోన్‌కి పంపిన ఉత్తరం అది. కోడలు జనీన్ మళ్ళీ చదివింది. “పుట్టినప్పటినుంచీ ఒళ్ళంతా తామర. నొప్పి తెలియకుండా లేచే చీముగడ్డలు. మాటిమాటికీ ఊపిరితిత్తుల్లో నిమ్ము. చిన్న దెబ్బకే విరిగే ఎముకలు. ఊడని పాలపళ్ళు. రక్తంలో అలర్జీ పాళ్ళు ఉండాల్సినదానికి వందరెట్లు. పాపకిది తల్లివైపు నుంచో తండ్రివైపు నుంచో దిగిన జబ్బు. రెండువైపులా పెద్దవాళ్ళని అడిగి రాయండి.”

“మావైపు నేనున్నా, అడుగు. నీవైపు ఎవర్ని అడుగుతావ్?”

జనీన్ పదిరోజుల పసిగుడ్డుగా దత్తతకు వెళ్ళిన మనిషి, కన్నతల్లి పేరైనా ఎరగదు.

నాలుగురోజులుగా వాన. ఏరు పొంగి లోయలో ఉన్న ఒక్క దారీ మునిగింది. ఎటు తిరిగినా అత్త ఎదురే. నీళ్ళు తీయగానే తల్లీకూతుళ్ళని పట్నం పంపెయ్, మళ్ళీ తేవద్దు అని ఆవిడ కొడుకుతో అనడం జనీన్ గోడవతల నుంచి విన్నది. గ్రాంట్ కాదనలేదు. డాక్టరు మాట రానీ, అన్నాడంతే.

“ఒదిలెయ్యమ్మా,” అన్నాడు గ్రాంట్ దగ్గుతూ.

“ఏం ఒదిలేది? పొట్టేల్ని కొనాలంటే ఏడు తరాలు చూస్తాం. పెళ్ళాం దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకున్నావ్.”

“మరి ఈయన దగ్గు సంగతేంటత్తయ్యా? రెండు చలికాలాలు నిమ్ముతో మంచం పట్టాడు.”

“బొచ్చు దుమ్ము. గొర్రెల షెడ్డులో పనిచేసేవాడు ఎవడు దగ్గడు?”

“మీకెప్పుడైనా గడ్డలు...”

“లేచాయి. మా కాలంలో ఎవరికి లేవలేదు? మా అమ్మ వేడివేడి రొట్టెముద్ద కట్టేది. కంచె దాటుతూ మూడుసార్లు చెయ్యి విరగ్గొట్టుకున్నా. ఏడ్చానా? మీలాగా గాజుబొమ్మలం కాదు మేం.”

తొమ్మిదేళ్ళ టెస్సా బల్లమీద గడ్డం ఆనించింది. గోకి గోకి మోచేతులు పచ్చిపుండ్లయ్యాయి. “నాన్నమ్మా, ఊడిన పన్ను దిండుకింద పెడితే మా క్లాసులో అందరికీ పళ్ళదేవత నాణెం ఇచ్చింది. నాకు ఒక్క పన్నూ ఊడలేదు.”

“నా పెట్టెలో పెళ్ళినాటి డబ్బా ఉంది, పో. అందులోది ఒకటి దిండుకింద పెట్టుకో. ఎవరి పన్నో ఆవిడకేం తెలుసు?”

గ్రాంట్ నవ్వాడు. ఆ రోజుల్లో ఆ లోయలో పెళ్ళికూతురికి పుట్టింటి కానుక అదే. రేపు మొగుడికి పళ్ళవైద్యం ఖర్చు తగలకూడదని, ఉన్నవన్నీ ఒక్కపూటలో పీకించి కట్టుడుపళ్ళ జత చేతిలో పెట్టేవారు. నోలాకి అప్పుడు పంతొమ్మిదేళ్ళు.

“మత్తిచ్చి పీకారు. కళ్ళు తెరిచేసరికి మా అమ్మ చేతిలో నా పళ్ళ డబ్బా ఉంది. ఇప్పటిదాకా మూత తీయలేదు. అసలే ఇరుకునోరు నాది, పీడ విరగడైంది.”

టెస్సా బిస్కెట్ల డబ్బా తెచ్చుకుని, ఒక్కొక్క పన్నూ తీసి బల్లమీద వరస పెట్టసాగింది.

“పెట్టె సర్దుకో జనీన్,” అంది నోలా. “రేపటికి ఏరు తగ్గుతుంది.”

జనీన్ మొగుడివైపు చూసింది. అతను కిటికీవైపు చూశాడు.

“ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది... నాన్నమ్మా, పెద్దవాళ్ళకి ఎన్ని పళ్ళుంటాయి?”

“ముప్పై రెండు. అదీ నేర్పలేదా మీ అమ్మ?”

“ముప్పై. ముప్పై ఒకటి. ముప్పై రెండు.”

డబ్బాలో ఇంకా టెస్సా పళ్ళంతేసి బుల్లి పళ్ళు గలగలమన్నాయి. పుస్తకంమీద నోలా కలం ఆగిపోయింది.

“ముప్పై మూడు,” అంది టెస్సా.