తొంభై సెకన్లు

"నర్సుల గదిలో గంట ఎందుకు మోగలేదో ఒక్క ముక్కలో చెప్పు," అన్నాడు ఆసుపత్రి డైరెక్టరు.

"సర్వరుకు నెట్‌వర్క్ చిరునామా రాకముందే గంట ప్రోగ్రాం లేచింది సర్. అప్పటికి నర్సుల గదికి దారి లేదు. దారి లేదని ఒకసారి తెలిశాక అది మళ్లీ అడగదు. తెర మీద మాత్రం అన్నీ పచ్చగానే కనిపిస్తాయి."

"ఇది ఒక్క ముక్కా?"

"మీరు ఆగనివ్వలేదు. ఇది ఒక్క ముక్క."

పరిపాలనాధికారి రాస్తున్న కలం ఆపి డైరెక్టరు ముఖంలోకి చూశాడు. ఇది రాయాలా వద్దా అన్న సందేహం అతనిది. వద్దని డైరెక్టరు కనుబొమ్మ చెప్పింది.

బల్లకు ఇవతల కూర్చున్న కంప్యూటర్ల ఆవిడ ఆ ఆసుపత్రిలో పదకొండేళ్లుగా పనిచేస్తోంది. యంత్రం ప్రారంభమయ్యేటప్పుడు ముందు చిరునామా తెచ్చుకోవాలని, అది చేతికొచ్చేదాకా మిగతా ప్రోగ్రాములన్నీ ఆగాలని ప్రారంభ ఫైలులో ఒక లైను ఉండేది. ఆ లైను ఆమే రాసింది. ఆ ఆగడం తొంభై సెకన్లు. ఈ ఉదయం ఎనిమిది గంటలకు, తనిఖీ బృందం వచ్చే ముందు, అదే తొంభై సెకన్లను డైరెక్టరు చేతి గడియారంతో కొలిచాడు. "అతిథుల ముందు ఒకటిన్నర నిమిషం నల్లతెరా? పరువు తీస్తావా అమ్మాయ్? తీసెయ్ దాన్ని," అన్నాడు. తీసేసింది. బృందం చూస్తుండగా యంత్రాన్ని ఆపి మళ్లీ లేపారు. పది సెకన్లలో లేచింది. చప్పట్లు కొట్టారు.

ఎనిమిదీ నలభైకి మూడో వార్డు ఏడో నంబరు మంచం మీద ఒక రోగికి ఊపిరి ఆగింది.

"జల్లు లోపలికి కొడుతోందని నర్సులంతా మంచాలు జరిపే పనిలో పడ్డారు," అన్నాడు డైరెక్టరు. "తెర వైపు ఒక్కరూ చూడలేదు. అదీ జరిగింది."

"చూడలేని వేళ వినపడటానికే గంట సర్."

తలుపు పక్కన స్టీలు పళ్లెంలో ఎవరిదో ఫోను గిలగిలా కొట్టుకుంది. విచారణకు వచ్చేవాళ్లంతా ఫోన్ల నోరు నొక్కి అందులో పెట్టి రావాలన్నది అక్కడి నియమం.

"పొద్దుట్నుంచీ ఇదో గోల," అని విసుక్కున్నాడు పరిపాలనాధికారి. ఎవరూ లేవలేదు.

డైరెక్టరు తన ముందున్న ల్యాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పాడు. ప్రారంభ ఫైలు తెరిచి ఉంది. "ఆ లైను మళ్లీ పెట్టేశావుగా. మరి దాని పక్కన ఈ రాత ఎందుకు?"

లైను పక్కన ఒక హాష్ గుర్తు (#), ఆ గుర్తు వెనక ఆమె వాక్యం ఉన్నాయి: డైరెక్టరు ఆదేశంపై, నా సలహాకు విరుద్ధంగా తొలగించడమైనది. తేదీ, సమయం. ఏ మార్పు చేసినా కారణం పక్కనే రాసిపెట్టడం ఆమె అలవాటు. హాష్ గుర్తు వెనకున్నదాన్ని యంత్రం చదవదు. అది మనుషుల కోసం.

"జరిగింది రాశాను సర్."

"చెరిపెయ్."

"చెరిపితే ఇక జరగనట్టే."

"అదే కదా నేను చెప్పేది!" డైరెక్టరు నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "చూడమ్మా. పొరపాటు నీదని సంతకం పెడితే హెచ్చరికతో వదిలేస్తాను. పెట్టకపోతే సాయంత్రానికల్లా ఉద్యోగం ఉండదు. మీ అమ్మగారు మూడో వార్డులోనే కదా ఉన్నారు? రెండో నంబరు. ఉద్యోగుల కోటా మంచం. కోటా పోతే మంచమూ పోతుంది. ఆవిడను ఇంటికి తీసుకెళ్లి ఏ యంత్రానికి తగిలిస్తావు?"

పొద్దున ఏడు గంటలకు తల్లికి తల దువ్వి, మంచం పక్కనున్న కిటికీ వైపుకు తిప్పి, దిండ్లకు చేర్చి కూర్చోబెట్టి వచ్చింది. "మధ్యాహ్నం వస్తావా?" అని అడిగింది తల్లి. "పనయ్యాక వస్తానమ్మా," అంది. ఆ పని ఇంకా కాలేదు.

"ఏడో నంబరు మనిషికీ ఎవరో ఉంటారు కదా సర్," అంది చివరి ప్రయత్నంగా. "వాళ్లకు నిజం తెలియాలి."

"వాళ్ల సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మీ అమ్మ సంగతి చూసుకో."

ఆమె ల్యాప్‌టాప్‌ను దగ్గరకు లాక్కుంది. తను రాసిన వాక్యాన్ని ఒకసారి చదివింది. తర్వాత వెనక నుంచి ఒక్కో అక్షరమే చెరుపుతూ మొదటికి వచ్చింది. ఆఖరికి హాష్ గుర్తు కూడా పోయింది. ఫైలు భద్రపరిచింది. పరిపాలనాధికారి కాగితం ముందుకు జరిపాడు. సంతకం పెట్టింది.

తలుపు తోసుకుని హెడ్ నర్సు వచ్చింది. చేతిలో ఒక చీటీ ఉంది.

"ఏడో నంబరు తాలూకు వాళ్లకు పొద్దుట్నుంచీ ఫోను చేస్తూనే ఉన్నాను సర్. ఎత్తడం లేదు."

"ఏం మనుషులో!" అన్నాడు డైరెక్టరు, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "ఇంకోసారి ఇక్కణ్ణుంచే చెయ్యండి. సాంకేతిక లోపమని, బాధ్యురాలు ఒప్పుకుందని చెప్పండి. పేరేమిటి?"

"పాత కేసు ఫైలు ఇంకా కింది గదిలోనే ఉంది సర్. ఇది పొద్దున జల్లుకని కిటికీ దగ్గర్నుంచి ఏడో నంబరుకు మార్చినప్పుడు రాసుకున్న చీటీ. కూతురి నంబరు ఒక్కటే ఉంది," అంటూ నర్సు బల్ల మీది ఫోనెత్తి అంకెలు నొక్కింది.

స్టీలు పళ్లెంలో కంప్యూటర్ల ఆవిడ ఫోను గిలగిలా కొట్టుకుంది.