అయిదు చిన్న దెబ్బలు

లాబ్‌లో ఒకే ఎలుకను రూపవతి ఒకే ఉదయం రెండుసార్లు ఈదించింది. రెండు సమయాలూ ఆమె చేతిరాతలోనే రికార్డు పుస్తకంలో ఉన్నాయి. మొదటిది రాసినట్టు ఆమెకు గుర్తే లేదు.

అది చూసింది నిఖిల. కరీంనగర్ నుంచి హాలిఫాక్స్ వచ్చి, అదే లాబ్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. ఆ నెలలో ఇలా జరగడం మూడోసారి. చెప్పాలా వద్దా అని రెండు రోజులు నలిగిపోయి, చివరికి ప్రొఫెసర్‌కి చెప్పింది.

రూపవతికి యాభై రెండేళ్లు. పదిహేడేళ్లుగా అక్కడ పని. వాళ్ల పరిశోధన తలదెబ్బల మీద. ఎలుకకు మత్తిచ్చి నెత్తిమీద చిన్న దెబ్బ తగిలిస్తారు. రోజుకొకటి, మొత్తం అయిదు. ఎముక విరగదు, నెత్తురు రాదు. మర్నాడు మామూలుగానే తింటుంది, తిరుగుతుంది. ఏడాది పోయాక నీళ్లతొట్టిలో వదిలితే మాత్రం, రోజూ ఎక్కే మెట్టు ఎక్కడుందో తెలియక గుండ్రంగా ఈదుతూనే ఉంటుంది. అప్పటికే మెదడులో చెడ్డ ప్రొటీన్ పేరుకుపోయి ఉంటుంది.

దెబ్బ తిన్న ప్రతి ఎలుక పక్కనా రూపవతి కూర్చునేది. అది కళ్లు తెరిచి నాలుగడుగులు వేసేదాకా లేచేది కాదు.

ప్రొఫెసర్ ఆమెను సెలవు పెట్టి న్యూరాలజిస్టును కలవమన్నాడు. ఆ ఏడాది ఫలితాలన్నీ పక్కన పెట్టేశారు. బల్ల సర్దుకుంటున్న రూపవతి దగ్గరికి నిఖిల తలదించుకుని వచ్చింది.

“సారీ మేడం. నాకేం చేయాలో అర్థం కాలే.”

“తప్పేం లేదమ్మా. చూసినవాళ్లు ఎవరో ఒకరు చెప్పాలి కదా.”

ఆస్పత్రికి తోడొస్తానంది నిఖిల. ఆయన వస్తారులే అంది రూపవతి.

ఆయన వస్తాడని నిఖిలకూ తెలుసు. రూపవతి భర్త సంతోషం ఎలాంటివాడో అక్కడి తెలుగు చర్చిలో అందరూ చెప్పుకుంటారు. అవతలి ఒడ్డున డార్ట్‌మత్‌లో ఉన్న ఇంటి నుంచి ఫెర్రీ పడవలో పది నిమిషాలే అయినా భార్యను ఏనాడూ ఒంటరిగా పంపలేదు. పొద్దున కారులో దింపుతాడు. సాయంత్రం ఆమె బయటికి వచ్చేసరికి కారు సిద్ధంగా ఉంటుంది. ఫోనొస్తే ముందు ఆయనే ఎత్తుతాడు.

న్యూరాలజిస్టు నడివయసు ఆవిడ. ఆమె అడిగినవాటికి చాలావరకు సంతోషమే జవాబిచ్చాడు. రూపవతి ఎన్నింటికి పడుకుంటుందో, ఏం మాత్రలు వేసుకుంటుందో అన్నీ ఆయనకు కంఠస్థం. వాళ్ల వంశంలో మతిమరుపు లేదన్నాడు. రూపవతి తల్లి ఎనభై నాలుగేళ్ల వయసులో ఇప్పటికీ కీర్తనలు పుస్తకం చూడకుండా పాడతారన్నాడు.

డాక్టర్ ముందున్న మెదడు స్కాన్ వైపు మరోసారి చూసింది. ఈ వయసులో ఇంత నష్టం ఎలా జరిగిందో అంతుపట్టడం లేదంది. తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడిగింది. కారు యాక్సిడెంటు, ఆటలు, ఏదైనా.

రూపవతి నోరు తెరిచేలోపే సంతోషం అందుకున్నాడు.

“అలాంటివేం లేవు డాక్టర్. చలికాలంలో మంచుమీద జారిపోతుందేమోనని చెయ్యి పట్టుకుని నేనే నడిపిస్తాను.”

డాక్టర్ తల ఊపింది. జ్ఞాపకశక్తి పరీక్షకు పేషెంటు ఒక్కరే ఉండాలని, కాసేపు బయట కూర్చోమని చెప్పింది. తను మాట్లాడకుండా కూర్చుంటానన్నాడు సంతోషం. కుదరదంది. ఆయన భార్య భుజంమీద చెయ్యి వేసి, ఒక్క క్షణం అలాగే ఉంచి, వెళ్లాడు. తలుపు మూసుకుంది.

డాక్టర్ అయిదు మాటలు చెప్పింది. కాసేపాగి అడిగితే రూపవతికి రెండే గుర్తొచ్చాయి.

డాక్టర్ కలం పక్కన పెట్టింది. తల దెబ్బల గురించి అడిగిన ప్రశ్నే, ఈసారి మెల్లగా, మళ్లీ అడిగింది.

రూపవతి ఒకసారి తలుపు వైపు చూసింది.

“ఎన్నిసార్లో గుర్తు లేదు డాక్టర్,” అంది, “పైకి కనపడకూడదని ఆయనెప్పుడూ జుట్టున్న చోటే కొడతారు.”