గడప మీద దుంప

తుమ్మల అడవిలో కుందేలు ముసలమ్మకు కాలు విరిగింది. కొంగ వైద్యుడు వచ్చి కట్టు కట్టి, "కాలు కింద పెట్టావో, ఇక నా పూచీ లేదు" అని చెప్పి ఎగిరిపోయాడు. దిక్కులేనివాళ్లకు తిండి చేర్చే ఉడతమ్మ రోజూ ఒక దుంప తెచ్చి బొరియ గడప మీద పెట్టి పోయేది. ఒకరింట్లోకి అడుగు పెట్టకూడదని ఆమె నియమం.

ముసలమ్మ కాలు కింద పెట్టలేదు. దుంపలు గడప మీదే కుళ్లిపోయాయి.

పక్క పొదలో ఉండే కంజుపిట్టకు నలుగురిలో మాట పెగలదు. అయినా ఆకలికి ముసలమ్మ మూలగడం విని, వెళ్లి కొంగనూ ఉడతమ్మనూ లాక్కొచ్చింది.

"కట్టు ఇంకా ఎంత బిగువుగా ఉందో చూడు!" అన్నాడు కొంగ.

"ఒక్కపూటైనా మానానా నేను?" అంది ఉడతమ్మ.

కంజుపిట్టకు ఒళ్లు మండింది. "ప్రాణం పోతుంటే మీ గొప్పలేంటి! బాబాయ్, తిందో లేదో అడిగావా? పిన్నీ, లేవగలదో లేదో చూశావా? మీలో మీరు ఒక్క మాట అనుకుంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"మాకు చెప్పడానికి నువ్వెవరివే? కట్టు కట్టగలవా?" అన్నాడు కొంగ.

"కట్టలేను. దుంప మొయ్యనూ లేను. మీ ఇద్దర్నీ రోజూ ఇక్కడ నిలబెడతాను. రాకపోతే మీ గూళ్ల ముందుకొచ్చి అరుస్తాను!" గొంతు వణికింది గాని ఆగలేదు.

"నేను లోపలికి మాత్రం వెళ్లనే," అని నసిగింది ఉడతమ్మ.

"నువ్వు అందించు పిన్నీ. బాబాయి ముక్కు పొడుగేగా!"

కొంగ ఏదో అనబోయాడు. అంతలో లోపల్నుంచి ముసలమ్మ కేకేసింది.

"నా గడపలో పంచాయితీ చాలించి, ముందు ఇవాళ్టి దుంప ఇటు తొయ్యండర్రా!"