నెలకోసారి మార్చే తాళం

"మళ్లా తప్పు పడ్డది సార్," అంది రిబ్కా, కీబోర్డు మీంచి చేతులు తీసి.

"ఏం కాదు రిబ్కా గారూ. నిదానంగ కొట్టండి. బస్సుకింక గంట టైముంది," అన్నాడు షాలేమ్‌రాజు, ఫ్లాస్కులోంచి టీ పోస్తూ.

కొత్తగూడెంలోని ఆ మిషన్ ఆసుపత్రి రోగుల వివరాలన్నీ సొంత సర్వర్లోనే తాళం వేసి దాచుకుంటుంది. తాళం తీసే రహస్య సంకేతంలో సగం సర్వర్ చూసుకునే షాలేమ్‌రాజుకు తెలుసు. మిగతా సగం టేకులపల్లి బ్రాంచిలో మందులిచ్చే రిబ్కాకు తెలుసు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చెరో సగం కొడితేనే పాత తాళం పోయి కొత్తది వస్తుంది.

మొదట్లో మూడు నెలలకోసారి మార్చేవారు. రెండేళ్ల కిందట నెలకోసారి మార్చమని ఆర్డరు వచ్చింది. ఆ ఆర్డరు వేయించిన మహానుభావుడెవరో గానీ, భార్య పోయి ఒంటరిగా మిగిలిన షాలేమ్‌రాజు రోజూ ప్రార్థనలో అతన్ని కూడా తలుచుకునేవాడు. రిబ్కా అంటే ప్రేమేనని మనసుకు తెలుసు. నలభై ఆరేళ్లు వచ్చినా చెప్పడానికి నోరు పెగల్లేదు.

డాక్టరు చీటీలో చుక్క తేడా ఉన్నా పట్టేసే రిబ్కా, ఇక్కడ మాత్రం ప్రతిసారీ ఒక అక్షరం తప్పు కొట్టేది. కంప్యూటరంటే భయం కాబోలు అనుకునేవాడు.

అంతలో కొత్త ఆఫీసరు కళ్యాణి లోపలికొచ్చింది.

"ఇగ మీకీ తిప్పలుండవు. తాళం దానంతటదే మారేటట్టు మెషిన్ పెడ్తున్నం. మీరిద్దరూ సరేనంటే చాలు."

షాలేమ్‌రాజు ఫ్లాస్కు కింద పెట్టేశాడు.

"మనుషులు చూసుకుంటేనే భద్రం మేడమ్."

"రిబ్కా గారేమంటరు?"

"నాదేముంది మేడమ్," అంది రిబ్కా తల వంచుకుని. "బస్సుల నడుం నొస్తది, అంతే. సార్ ఎట్లంటే గట్లనే."

షాలేమ్‌రాజు చెవికి నడుం నొప్పి ఒక్కటే వినబడింది. తన సంతోషం కోసం ఆమెను ఇన్నాళ్లు కష్టపెట్టానా అని మనసు చివుక్కుమంది.

"పెట్టేయండి మేడమ్. పాపం, ఆమెకెందుకు కష్టం?"

రిబ్కా సంచి తీసుకుని లేచింది. "వస్త సార్," అని, టీ ముట్టకుండానే వెళ్లిపోయింది. బస్సుకింకా నలభై నిమిషాలుంది.

కళ్యాణి పాత ఫైలు తెచ్చి అతని ముందు పెట్టింది.

"నెలకోసారి మార్చాలన్న రూలు ఇందుల ఉన్న అర్జీతోనే వచ్చిందట. ఆడిటర్లు రాసిన్రేమో అనుకున్న, కాదు. దీని మీద రద్దని రాసి సంతకం పెట్టండి."

షాలేమ్‌రాజు కలం తీశాడు. 'రోగుల వివరాల భద్రత కోసం తాళం ఇకపై నెలకోసారి మార్పించగలరని మనవి' అని గుండ్రటి చేతిరాతతో ఉంది. ఒక్క అక్షరం తప్పు లేదు.

కింద సంతకం రిబ్కాది.